పాప బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడుస్తోంది, ఏం చేయాలో చెప్పండి

అనంతపురం అమ్మ:
మాది అనంతపురం, బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్లయింది, మారతహళ్లిలో ఉంటాం. పాప టెన్త్. ఈ ఏడు మనిషే మారిపోయింది, ఏం అడిగినా "ఏం లేదమ్మా" తప్ప మాట రాదు. మొన్న మ్యాథ్స్ పేపర్లు ఇచ్చిన రోజు బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పేసి అరగంట బయటికి రాలేదు. ట్యాంకర్ నీళ్లు డబ్బు పోసి కొంటున్నాం అని నేను తలుపు బాదాను. బయటికొచ్చాక కళ్లు చూస్తే తెలిసింది, ఏడుపు మాకు వినపడకూడదని తిప్పుకుంది. అప్పట్నుంచి నాకు ముద్ద దిగట్లేదు. వాళ్ల నాన్నేమో "ఈ వయసులో అంతే, వదిలెయ్" అంటున్నారు.

బీటీఎం నాన్న:
వదిలేయొద్దండి. అలాగని కూర్చోబెట్టి ఆరా తీయొద్దు. మా వాడు తొమ్మిదిలో ఉన్నప్పుడు కోపమొస్తే గోడకి గుద్దేవాడు, ఎదురుగా అడిగితే నోరు విప్పడు. బండి వెనక ఎక్కించుకుని సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రం వాడంతట వాడే మొదలుపెట్టేవాడు, మొహాలు కనపడవు కదా. నేను సలహా ఇవ్వబోతే చాలు, ఆపేసేవాడు. "అది కష్టమేరా" అని ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

స్కూల్ కౌన్సెలర్:
అక్కా, ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందు భాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది, అందుకే చిన్న మాటకే అంత పొంగుతారు. నిద్ర చూడండి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటలు కావాలి, కానీ ఈ వయసులో నిద్ర రావడమే ఆలస్యమవుతుంది, పొద్దున్నే స్కూల్ బస్సు. నిద్ర చాలని పిల్లకి ప్రతిదీ కొండంత కనిపిస్తుంది. "టెన్షన్" అని పాప అంటే అది భయమా, సిగ్గా, కోపమా అని మెల్లగా విడదీయనివ్వండి, పేరు పెట్టగలిగితే పట్టు కొంచెం సడలుతుంది. మరీ ఉక్కిరిబిక్కిరైనప్పుడు ఊపిరి పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలమనండి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర, స్నేహితులు అన్నిటికీ దూరమైతే డాక్టర్‌కి చూపించండి. ఒంటి మీద గాట్లు కనిపించినా, "నేను లేకపోతే బాగుండు" అన్నా ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఇక్కడే బెంగళూరులో ఉన్న మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లలకీ టీనేజర్లకీ వేరే విభాగం ఉంది. 14416 టెలీ మానస్ అని మానసిక సాయానికి ఫోన్ హెల్ప్‌లైన్ ఉంది, 2022లో కేంద్రం పెట్టింది, ఉచితం, రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు.

ఇంజినీరింగ్ సెకండియర్:
ఆంటీ, నేను ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి ఏడ్చేదాన్ని. మా పిన్ని ఏమీ అడక్కుండా ఉగ్గాని ప్లేటు తెచ్చి మంచం మీద పెట్టి, పక్కనే బట్టలు మడతపెడుతూ కూర్చునేది. నాకు అదే కావాల్సింది. ఏడవొద్దని మాత్రం చెప్పకండి. ఇంకెవరి పిల్లల మార్కులూ ఎత్తకండి, ప్లీజ్.

అనంతపురం అమ్మ:
నిన్న రాత్రి "నీళ్ల కోసం అరిచాను, నువ్వు ఏడుస్తున్నావని తెలీలేదురా, తప్పు నాదే" అన్నాను. చాలాసేపటికి చెప్పింది, తక్కువ మార్కులొచ్చిన వాళ్లని నిలబెట్టి క్లాసంతా వినేలా చదివారట. మార్కులకి కాదు, ఆ నిలబడటానికి ఏడ్చింది. స్కూల్‌కి వెళ్లి మాట్లాడాలని ఉంది, పాప వద్దే వద్దంటోంది. చెప్పకుండా వెళ్లొచ్చా?

స్కూల్ కౌన్సెలర్:
చెప్పకుండా వెళ్లొద్దక్కా, ఇప్పుడిప్పుడే నోరు విప్పింది. ఏం భయమో అడగండి, క్లాసులో ఇంకా టార్గెట్ చేస్తారనే అయ్యుంటుంది. పాప పేరు ఎత్తకుండా, ఎవరి మార్కులూ పైకి చదవొద్దని పేరెంట్స్ మీటింగ్‌లో నలుగురు కలిసి అడుగుతామని చెప్పి చూడండి.