బోరు నీళ్ల ఊళ్లో పాలు చల్లార్చడానికి ప్లేట్లా, పైపులా?

గుత్తి పాలకేంద్రం:
అందరికీ నమస్కారం. గుత్తి దగ్గర మా ఊళ్లో చిన్న పాలకేంద్రం నడుపుతున్నాం. పొద్దున వెయ్యి లీటర్లు, సాయంత్రం వెయ్యి లీటర్లు వస్తాయి. వేరుశనగ మీద ఆశ వదులుకున్న ఇళ్లకు ఇప్పుడు బర్రెలే దిక్కు కాబట్టి ఇంకా పెరిగేలా ఉంది. ఉన్నది ఒక్కటే బల్క్ కూలర్, అంటే పాలు నిల్వ ఉంచి చల్లార్చే ట్యాంకు. పొద్దున పాలు సాయంత్రానికి 4 డిగ్రీల్లో ఉంటాయి. ట్యాంకరేమో మరుసటి రోజు గానీ రాదు. సాయంత్రం 35 డిగ్రీల పాలు వాటి మీదే పోయాలి. చెరి సగం కలిసేసరికి ట్యాంకంతా 20కి ఎక్కుతుంది. మళ్లీ 4కి దిగడానికి మూడు గంటలు. మే నెలలో కరెంటు పోతూ వస్తూ ఉంటే ఇంకెంతసేపో చెప్పలేం. పాలు పులుపు తిరిగాయని డబ్బుల్లో కోత పడుతోంది.

అందుకే క్యాన్ల నుంచి ట్యాంకుకు పోయే దారిలోనే చల్లార్చాలని చూస్తున్నాం. మంచు కట్టి నిల్వ ఉంచే ఐస్ బ్యాంక్ ఒకటి, దాని నీళ్లతో పాలను చల్లార్చే పరికరం ఒకటి. రెండు కొటేషన్లు వచ్చాయి. మొదటిది గాస్కెట్ల ప్లేట్ చిల్లర్: పలుచటి స్టీలు ప్లేట్లు, మధ్యలో రబ్బరు గాస్కెట్లు, ఒక సందులో పాలు, పక్క సందులో ఐస్ నీళ్లు. బల్ల కింద పట్టేస్తుంది. రెండోది స్టీలు పైపులో పైపు, గోడ పొడవునా మెలికలు తిరిగి ఉంటుంది, ఇక్కడే వెల్డింగ్ చేసి ఇస్తామంటున్నారు. మా బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్ల పెచ్చు కడుతుంది. ప్లేట్లు పూడుకుపోతాయని ఒకరు, పైపులు లోపల కడగలేమని ఇంకొకరు. టెన్షన్ తప్ప తేలింది లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆదోని ఫిట్టర్:
పైపులే పెట్టన్నా, రెండో మాట లేదు. ప్లేట్ల మధ్య సందు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. బోరులోంచి ఇసుక, గడ్డిపోచ, క్యాను మూత రబ్బరు ముక్క, ఏది వచ్చినా అక్కడే ఇరుక్కుంటుంది. తెరవడం కూడా మాటలు కాదు. బోల్టులు ఒక వైపు పూర్తిగా విప్పేస్తే ఫ్రేమ్ వంకర పోతుంది, ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా వదులు చేసుకుంటూ రావాలి. గాస్కెట్ ఒక ప్లేటును వదిలి పక్క ప్లేటుకు అంటుకుని వస్తుంది. ప్లేట్లు వరుస తప్పినా, ఒక్కటి తలకిందులైనా పాలు నేల పాలే. మళ్లీ బిగించేటప్పుడు స్పానర్ బలం చూసి ఆపకూడదు. రెండు చివరి పలకల మధ్య దూరం టేపుతో కొలిచి, కంపెనీ ఇచ్చిన కొలత రాగానే ఆపాలి. కారుతోందని ఇంకో రెండు చుట్లు తిప్పేవాళ్లే ఎక్కువ. ప్లేటు నలిగితే ఇక అంతే. మీ ఊళ్లో ఈ పని ఎవరు చేస్తారు? పైపుకు గాస్కెట్టే ఉండదు, చీమంత చిల్లి పడినా వెల్డరు ఉంటాడు.

ప్రొద్దుటూరు ప్రాసెస్:
ముందు లెక్క చూద్దాం, తర్వాత పోట్లాడుకుందాం. గంటకు 1,000 లీటర్ల పాలు, 35 నుంచి 4కి దించాలి. తీయాల్సిన వేడి దాదాపు 35 కిలోవాట్లు. ఐస్ నీళ్లు 1 డిగ్రీలో వచ్చి, పాలకు మూడింతలు ఎదురుగా తిరిగితే 11కి వేడెక్కి బయటికి పోతాయి. పాలు వచ్చే చివర తేడా 24 డిగ్రీలు, పోయే చివర 3. ఈ రెంటికీ మామూలు సగటు తీస్తే 13న్నర వస్తుంది, దాన్ని నమ్మితే పరికరం చిన్నదైపోతుంది. లాగరిథమ్ సగటు తీయాలి, అది 10.

ప్లేట్లలో చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 2,500 వాట్ల వేడి పాల నుంచి నీళ్లకు పోతుందని పెట్టుకుంటే 1.4 చదరపు మీటర్లు చాలు. అంటే 0.1 చదరపు మీటరు ప్లేట్లు 14, చివరవి రెండు. పైపులో అదే 1,000 వాట్లు అనుకుంటే మూడున్నర చదరపు మీటర్లు కావాలి. అంగుళం పైపు 44 మీటర్లు. ఆరు మీటర్ల ముక్కలు ఏడెనిమిది, మధ్యలో వంపులు. ప్లేట్లలో ఒక్కసారికి నిలిచే పాలు రెండు లీటర్ల పైచిలుకు, పైపుల్లో 16, 17 లీటర్లు. రోజుకు రెండు పూటలా ఆ పాలను నీళ్లతో నెట్టుకోవాలి. నీళ్లు కలిసిన చివరి లీటర్లు ఎవరి ఖాతాలో రాస్తావన్నా?

ఇంకో మాట. మీకు బల్క్ కూలర్ ఉండనే ఉంది. చిల్లర్‌తో 4కి దించాలని పట్టు పట్టకండి. 7 డిగ్రీల దగ్గర ఆపి మిగతా మూడు ట్యాంకుకు వదిలేస్తే కావాల్సిన ప్లేట్లు దాదాపు మూడో వంతు తగ్గుతాయి. ఖరీదంతా ఆ చివరి డిగ్రీల్లోనే ఉంది.

కళ్యాణదుర్గం రైతు:
ఐస్ బ్యాంక్ దాకా ఎందుకు సార్? ముందు బోరు నీళ్లతో ఒక దఫా చల్లార్చితే సగం కరెంటు మిగులుతుందని ఒక వీడియోలో చూశాను. ఆ నీళ్లు ఎలాగూ బర్రెలకే పోతాయి కదా.

ప్రొద్దుటూరు ప్రాసెస్:
ఆ వీడియో చలి దేశానిది అయి ఉంటుంది. అక్కడ బావి నీళ్లు 10, 12 డిగ్రీల్లో వస్తాయి, పాలు ఒక్క దెబ్బకు 15 దాకా దిగుతాయి. భూగర్భ జలం వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటు గాలి వేడికి దగ్గరగా ఉంటుంది. మన అనంతపురంలో అది 28 డిగ్రీల అటూ ఇటూ. బకెట్‌లో థర్మామీటర్ పెట్టి చూడండి. 28 డిగ్రీల నీళ్లతో మామూలు ప్లేట్ సెట్టులో పాలు 31 దాకా దిగితే గొప్ప. దించాల్సిన 31 డిగ్రీల్లో 4 దిగినట్టు, అంటే 13 శాతం. దానికోసం ఇంకో ప్లేట్ సెట్టు, ఇంకో పంపు, కడగడానికి ఇంకో లైను. ఇక్కడ అది గిట్టదు.

ఐస్ బ్యాంక్ ఎందుకంటే, గంటలో 35 కిలోవాట్ల వేడి తీయాలంటే నేరుగా పది టన్నుల కంప్రెసర్ కావాలి. అదే పని పది గంటల్లో చేసుకుంటే ఒక్క టన్ను చాలు. వెయ్యి లీటర్లకు దాదాపు 375 కిలోల మంచు. నష్టాలు, మే ఎండ కలుపుకుని రెండు టన్నుల కంప్రెసర్ పెట్టుకోండి. కరెంటు ఉన్నప్పుడు మంచు కడుతుంది, పాలు వచ్చే గంటలో కరెంటు పోయినా చిన్న జనరేటర్‌తో పంపులు తిప్పితే సరిపోతుంది. పాలు గడ్డకట్టేది సున్నాకు అర డిగ్రీ కింద. కాబట్టి ఐస్ నీళ్లతో పాలు గడ్డకట్టవు. గ్యాసును నేరుగా ప్లేట్లలోకి పంపే పద్ధతిలో ఆ భయం ఉంది.

ఆదోని ఫిట్టర్:
లెక్క బాగుంది సార్. కొత్తగా ఉన్నంత కాలం. అర మిల్లీమీటరు పెచ్చు కట్టాక మీ 2,500 ఏమవుతుందో కూడా చెప్పండి.

ప్రొద్దుటూరు ప్రాసెస్:
1,540 అవుతుంది. ప్లేటు 38 శాతం నష్టపోతుంది, పైపు 20 శాతమే. పెచ్చు అడ్డం రెండింటికీ ఒకటే. కానీ ముందే నెమ్మదిగా ఉన్నదానికి అది అంతగా తెలియదు. అందులో మీ మాట నిజం.

అయితే ఆ పెచ్చు ఎక్కడ కడుతుందో చూడండి. కాల్షియం కార్బొనేట్ వేడి చోట విడిపడుతుంది, చల్లటి నీళ్లలో కరిగే ఉంటుంది. గుత్తి అన్న గిన్నె అడుగున పెచ్చు కట్టింది పొయ్యి మీద పెట్టినందుకే. ఐస్ నీళ్లు ఎప్పుడూ 11 దాటవు, పైగా అవే నీళ్లు తిరుగుతుంటాయి. ట్యాంకు ఒకసారి మంచి నీళ్లతో నింపితే, తగ్గినప్పుడు కలిపేది కొంచెమే. ఇసుకకు పది రూపాయల జాలీ కాదు, సరైన స్ట్రైనర్ పెట్టాలి, వారానికోసారి విప్పి దులపాలి.

పెచ్చు నిజంగా కొంప ముంచేది కండెన్సర్‌లో, అంటే ఐస్ బ్యాంక్ మిషను వేడిని బయటికి వదిలే భాగంలో. బోరు నీళ్లతో చల్లబడే కండెన్సర్ అంటగడితే వద్దనండి. గాలితో చల్లబడేది తీసుకోండి, ఎండాకాలంలో కరెంటు కాస్త ఎక్కువ తాగినా సరే. ఉప్పు నీళ్లలో క్లోరైడ్లు ఉంటాయి కాబట్టి ప్లేట్లు 304 కాదు, 316 స్టీలువి అడగండి. 304కు సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి, అర మిల్లీమీటరు ప్లేటుకు ఆ గుంట చాలు.

అనంతపురం బీటెక్:
చిన్న సందేహం సార్. ఘనపు మీటరు పరికరంలో వేడి దాటే ఉపరితలం 700 చదరపు మీటర్లు మించితేనే కాంపాక్ట్ హీట్ ఎక్స్ఛేంజర్ (వేడి మార్చే పరికరం) అని మా పుస్తకంలో ఉంది. గాస్కెట్ ప్లేట్లు అంత రావు కదా?

ప్రొద్దుటూరు ప్రాసెస్:
రావు తమ్ముడూ. ఆ గీత గాలి తగిలే రెక్కల రేడియేటర్ల లాంటి వాటి కోసం గీసింది. పాలకు అంత సన్నటి సందులు పెడితే కడగలేం. 1923లో రిచర్డ్ సెలిగ్‌మన్ ప్లేట్ ఎక్స్ఛేంజర్‌ను వాడుకలోకి తెచ్చింది కూడా పాల పాశ్చురైజేషన్ కోసమే. విప్పి కడుక్కోగలగడమే దాని గొప్ప.

తాడిపత్రి ల్యాబ్ అక్క:
పాల నాణ్యత పరీక్షలు చేసేదాన్ని కాబట్టి కడిగే సంగతి నేను చెప్తాను. ఫిట్టర్ తమ్ముడు ప్లేట్లు తెరవడం కష్టమన్నాడు, ఒప్పుకుంటా. కానీ తెరిస్తే కనబడతాయి. పైపులో వంపు దగ్గర ఏముందో ఎవరికి కనబడుతుంది? ఎంబీఆర్‌టీ పరీక్షలో, అంటే పాలలో నీలం రంగు కలిపి సూక్ష్మజీవుల వల్ల అది ఎంతసేపట్లో పోతుందో చూసే పరీక్షలో, ఆ రంగు గంటలు ముందే పోయినప్పుడు తెలుస్తుంది. పైపులే పెట్టేటట్టయితే ప్రతి వంపునూ యూనియన్ జాయింటుతో విప్పేలా చేయించుకోండి, లోపలికి బ్రష్ పోవాలి. వెల్డింగ్ లోపలి వైపు కూడా నున్నగా ఉండాలి. గరుకు వెల్డింగ్ ఉంటే పాలు అక్కడే పట్టుకుంటాయి. ఊళ్లో చేసే వెల్డింగ్‌లో ఆ నునుపు అరుదు.

ప్లేట్ల గొడవ చాలావరకు కడిగే వరుస తప్పడం వల్లే వస్తుంది. పాలు అయిపోగానే, ఆరకముందే, గోరువెచ్చని నీళ్లు పంపాలి, 40 డిగ్రీల దగ్గర. చన్నీళ్లు పోస్తే వెన్న గడ్డకట్టి ప్లేటుకు పూసుకుంటుంది. సలసలా కాగే నీళ్లు పోస్తే ప్రోటీన్ అక్కడే ఉడికి అంటుకుంటుంది. బయటికి వచ్చే నీళ్లు తేటగా అయ్యాక ఒక శాతం కాస్టిక్ సోడా, 70 డిగ్రీలకు కాస్త పైన. తర్వాత నీళ్లు. నైట్రిక్ యాసిడ్ అర శాతం నుంచి ఒక శాతం, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. ఇక్కడ పాలు కాచడం లేదు కాబట్టి మిల్క్‌స్టోన్ (పాలలోని ఖనిజాల పెచ్చు) పెద్దగా పట్టదు. కాస్టిక్, యాసిడ్ మధ్య నీళ్లు పోయకుండా ఒకదాని మీద ఒకటి ఎప్పుడూ పంపవద్దు. బ్లీచింగ్ నీళ్లు రాత్రంతా ప్లేట్లలో వదిలేసి ఇంటికి పోవడం ఇంకో అలవాటు. 316 అయినా దానికి ఆగదు.

ఈ పనంతా రోజూ చేసే మనిషి లేకపోతే ప్లేట్ల జోలికి పోవద్దు. అలాంటి చోట పైపులు కూడా పనికిరావు, కాకపోతే పాలు చెడేది ఎందుకో ఆలస్యంగా తెలుస్తుంది.

ఆదోని ఫిట్టర్:
అక్కా, రోజూ కడిగే మనిషి మూడు నెలలకు పని మానేస్తాడు. అది కూడా లెక్కలో వేయాల. ఇంకో సంగతి, ప్లేట్ చిల్లర్ కొన్నవాళ్లకు పంపు మోయడం లేదు. ఎక్కువ ప్లేట్లు వేసి ఇచ్చామంటాడు అమ్మినవాడు. మరి ఎందుకు పూడుకుంటుంది?

ప్రొద్దుటూరు ప్రాసెస్:
ఎక్కువ వేసినందుకే పూడుకుంటుంది. సేఫ్టీ పేరుతో ముప్పై శాతం ప్లేట్లు అదనంగా పక్కపక్కనే పెడితే అవే పాలు ఎక్కువ సందుల్లోకి చీలిపోతాయి. ఒక్కో సందులో వేగం తగ్గుతుంది. వేగం ఉంటేనే పారే పాలు గోడలను ఒరుసుకుంటూ పోతాయి, తగ్గితే మడ్డి నిలుస్తుంది. అలాగని వేగం రెట్టింపు చేస్తే వేడి లాగే శక్తి ఒకటిన్నర రెట్లకు కాస్త పైన పెరుగుతుంది, ప్రెషర్ డ్రాప్ (దారిలో పోయే ఒత్తిడి) మాత్రం నాలుగింతలకు దగ్గరగా పోతుంది. మామూలు పాల పంపు 15, 20 మీటర్ల హెడ్ ఇస్తుంది, అంటే అంత ఎత్తుకు తోయగల ఒత్తిడి. చిల్లర్‌తో పాటు పైపు, వాల్వులు, ట్యాంకు ఎత్తు అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఎక్కువ ప్లేట్లు ఊరికే ఇస్తామన్నా వద్దనండి. రేపు పాలు పెరిగితే వేయడానికి ఫ్రేమ్‌లో చోటు వదలమనండి, అది చాలు.

గుత్తి పాలకేంద్రం:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థ్యాంక్స్. కడగడానికి మా చిన్నమ్మ కొడుకు ఉన్నాడు, డిప్లొమా చదివాడు, ఊరు వదిలి పోయేవాడు కాదు. ప్లేట్ల వైపే మొగ్గుతున్నాం, 7 డిగ్రీల లెక్కతో. గాస్కెట్లు ఎప్పుడు మార్చాలి, కొటేషన్‌లో ఏం రాయించుకోవాలి చెప్పండి.

ఆదోని ఫిట్టర్:
నా ఓటు ఇప్పటికీ పైపులకే అన్నా, కానీ పెట్టేది నువ్వు. గాస్కెట్లు ఒక సెట్టు ఇప్పుడే కొని పెట్టుకో. ఎండ తగలని చోట, మోటారుకు దూరంగా, మడత పెట్టకుండా ఉంచు. రబ్బరు షెల్ఫులో ఉన్నా ముసలిదవుతుంది, కాబట్టి రెండు మూడు సెట్లు కొనకు. ఎన్నాళ్లని తేదీ పెట్టుకోవద్దు. గోటితో నొక్కితే తిరిగి లేవకుండా గట్టిపడినప్పుడు మార్చు. ప్లేట్లు బిగించి ఉన్నప్పుడే పక్కన అంచుల మీద ఏటవాలుగా ఒక పెయింటు గీత గీయించు. విప్పి బిగించాక గీత తెగిందంటే ఏదో ఒక ప్లేటు వరుస తప్పినట్టే.

ప్రొద్దుటూరు ప్రాసెస్:
కొటేషన్‌లో ఈ మాటలు అంకెలతో రాయించండి: గంటకు 1,000 లీటర్ల పాలు 35 నుంచి 7కి, ఐస్ నీళ్లు 1 డిగ్రీ కాదు 2 డిగ్రీలు, గంటకు 3,000 లీటర్లు. మేలో ఐస్ బ్యాంక్ చివరి పావుగంటలో 1 డిగ్రీ నీళ్లు ఇవ్వలేకపోతుంది. పాల వైపు, నీళ్ల వైపు ప్రెషర్ డ్రాప్ వేర్వేరుగా ఉండాలి. ఆ గడి ఖాళీగా పంపితే నింపి పంపమని తిప్పి పంపండి. ప్లేటు స్టీలు 316, గాస్కెట్ నైట్రైల్ రబ్బరు, ఆహారానికి పనికొచ్చే రకం, బిగింపు కొలత మిల్లీమీటర్లలో. రాగితో అతికించిన ప్లేట్లు చవగ్గా ఇస్తామంటారు. అవి విప్పడానికి రావు, పాలకు వద్దే వద్దు. అడ్వాన్స్ ఇచ్చాక బిగించే రోజు మీ పాలతోనే, సాయంత్రం పూట, నడిపి చూపించాకే మిగతా డబ్బు.