సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా మీ ఇంట్లో ఏం నడుస్తోంది? (తిండి, సామాను, షోలు, పుస్తకాలు)

కూర్మన్నపాలెం అమ్మ:

అందరికీ నమస్కారం. నేను దువ్వాడ సెజ్‌లో పనిచేస్తాను, మావారిది విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి నాలుగు నిండాయి. ఆయనకి బి-షిఫ్ట్ (మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా) పడిన వారమంతా సాయంత్రాలు పిల్లలిద్దరినీ నేనొక్కదాన్నే చూసుకోవాలి. అత్తగారు శ్రీకాకుళంలో ఉంటారు, పండగలకి వస్తారు.

మా ఇంట్లో పొద్దున్న హడావుడి ఎలాగో గట్టెక్కుతుంది. కష్టమంతా సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకానే. పిల్లలు ఆకలి మీద ఉంటారు, నేను అప్పుడే బండి దిగుతాను, కుక్కర్ ఇంకా పొయ్యెక్కదు. అందుకే ఏది కొన్నా, ఏది వండినా నేను చూసుకునేది ఒకటే: నన్ను పిలవకుండా పిల్లలు వాళ్ళంతట వాళ్ళు తీసుకోగలగాలి. ఇప్పుడు మా ఇంట్లో బాగా నడుస్తున్నవి రాస్తున్నాను. మీవీ చెప్పండి.

అన్నిటికంటే ముందు మురీ మిక్చర్. ఆర్కే బీచ్‌లో బండి మీద కలిపి ఇచ్చేదే, కారం లేకుండా. ఆదివారం మరమరాలని కొంచెం నూనె, పసుపు, కరివేపాకుతో కరకరలాడేలా వేయించి, పుట్నాల పప్పు కలిపి స్టీలు డబ్బాలో పోసేస్తాను. మూతకి రబ్బరు రింగు ఉన్న డబ్బానే వాడాలి. మన ఊరి సముద్రపు గాలికి మామూలు డబ్బాలో పోస్తే మర్నాటికే మెత్తబడతాయి. సాయంత్రం బాబే టమాటా తరిగి, నిమ్మకాయ పిండి, ఇద్దరికీ కలుపుతాడు. ఈ పని వాడికి ఎంత ఇష్టమో చెప్పలేను, చెల్లికి తను పెడుతున్నానని. పల్లీలు మాత్రం పాపకి దంచి వేస్తాం. ఐదేళ్లలోపు పిల్లలకి గింజలు గింజలుగా ఇస్తే గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది, చిన్నపిల్లలున్న వాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

రెండోది చోడిపిండి (రాగిపిండి) ఉండలు. పిండిని నేతిలో కమ్మటి వాసన వచ్చేదాకా సన్నని సెగ మీద వేయించి, అనకాపల్లి బెల్లం తురుము, పల్లీల పొడి కలిపి చుట్టడమే. వంద గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. మా పాప పాలు ముట్టదు, అందుకే ఈ ఉండలంటే నాకు అంత ధైర్యం. ఇక జామకాయలు, చక్కెరకేళీలు పెదగంట్యాడ రైతు బజారులో ఏవి బాగుంటే అవి.

ప్యాకెట్లు అసలు కొననని చెప్పను. కొనేటప్పుడు వెనక రాసిన పదార్థాల వరస చూస్తాను. ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రాయాలి. మొదటి మూడింట్లో చక్కెర కనిపిస్తే ప్యాకెట్ మళ్ళీ షెల్ఫ్‌లో పెట్టేస్తాను. బాబు కూడా ఇప్పుడు చదివి తనే పెట్టేస్తున్నాడు.

సామానులో నాకు ప్రాణం లాంటిది స్కూటర్ మీద పాపకి కట్టే సేఫ్టీ హార్నెస్. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకి హార్నెస్, హెల్మెట్ ఉండాలని, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని కేంద్రం 2022లో నోటిఫికేషన్ ఇచ్చింది, 2023 నుంచి అమల్లోకి వచ్చింది. పాపకి నాలుగు నిండినా నేను హార్నెస్ తియ్యలేదు. డేకేర్ నుంచి వచ్చేటప్పుడు దారిలోనే నిద్రపోతుంది, గాజువాక వైపు లారీల మధ్య వెనక తల వాలిపోతుంటే నా గుండె ఆగిపోయేది. ఇప్పుడు నా నడుముకి కట్టుకుని ఉంటుంది. హెల్మెట్ మాత్రం నాలుగు దాటిన పిల్లలకీ తప్పనిసరే.

స్కూలు బ్యాగు కొనేటప్పుడు జిప్ చూడండి. ఉప్పు గాలికి ఇనుప జిప్ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, చిన్న వేళ్ళతో లాగలేరు. ప్లాస్టిక్ పళ్ళ జిప్ అయితే ఏడాదంతా ఆడుతుంది.

షోల విషయానికొస్తే, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మా పాపకి ఆస్ట్రేలియా వాళ్ళ బ్లూయీ కార్టూన్ పెడతాను. ఒక్కో ఎపిసోడ్ ఏడు నిమిషాలే. రెండు అయ్యేసరికి కుక్కర్ విజిల్స్ కూడా అయిపోతాయి. ఆటోప్లే ఆపేసి పెట్టుకుంటే, అయిపోగానే టీవీ దానంతటదే ఆగుతుంది, ‘ఇంకొక్కటి’ అనే గొడవ ఉండదు. బ్లూయీలో నాన్న పిల్లలతో నేలమీద పడి ఆడుకుంటాడు. మావారు కూడా సెలవు రోజున పాపతో కూర్చుని చూస్తారు.

పుస్తకాల దగ్గరే నాకు సాయం కావాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, నాలుగు స్థాయిలుగా ఉంటాయి, ప్రింట్ కూడా తీసుకోవచ్చు. పాపకి అవి చాలు. బాబుది ఇంగ్లిష్ మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు గానీ, వాడి వయసుకి కథ బలంగా ఉండాలి, అక్షరం పెద్దగా ఉండాలి. మీ పిల్లలు ఏం చదువుతున్నారు? వర్షాకాలంలో మెత్తబడని చిరుతిండి ఇంకేమైనా ఉంటే అదీ చెప్పండి.

పెదవాల్తేరు మామ్మ:

అమ్మా, మరమరాలు వర్షాల్లో ఎంత జాగ్రత్త పెట్టినా నిలవవు. ఆ రోజుల్లో ఉడకబెట్టిన తిండికి మారిపో. చిలగడదుంపలు పొద్దున్న కుక్కర్‌లోనే పైగిన్నెలో పెట్టేస్తే సాయంత్రానికి చల్లారి ఉంటాయి, పిల్లలు తొక్క తీసుకుని తినేస్తారు. కొమ్ము శనగలు రాత్రి నానబెట్టి ఉడికిస్తే గుగ్గిళ్ళు, పాపకి మెత్తగా నలిపి పెట్టు. సంక్రాంతి ముందు తేగలు వస్తాయి, కాల్చినవాటికంటే ఉడికించినవి పిల్లలకి నమలడానికి తేలిక. ఎండాకాలం ముంజలు ఉండనే ఉన్నాయి.

పుస్తకాల సంగతి. నా దగ్గర చందమామలు ఏడాదికొకటి చొప్పున బైండు చేయించినవి ఉన్నాయి. 1947 జూలైలో మొదలైన పత్రిక అది, 2013లో ఆగిపోయింది. నా మనవడు మొదట బేతాళ కథల బొమ్మలు చూశాడు. శంకర్ గారు వేసిన ఆ విక్రమార్కుడు, భుజాన శవం, చేతిలో కత్తి. ఆ బొమ్మ ఏమిటో తెలుసుకోవాలని కథ అడిగాడు. నేను సగం చదివి, బేతాళుడు ప్రశ్న అడిగే చోట ఆపేసేదాన్ని. జవాబు కోసం వాడే కూడబలుక్కుని చదువుకున్నాడు. అక్షరం చిన్నదే, అయినా జవాబు కావాలి కదా, చదివాడు. మీ బాబుకీ అలా సగంలో ఆపి చూడు తల్లీ.

గోపాలపట్నం రాధిక:

ఇడ్లీ పిండి మిగిలితే గుంట పొంగణాలు. ఉల్లి, క్యారెట్ తురుము వేసి పొద్దున్నే కాల్చి క్యారేజీలో సగం, సాయంత్రానికి సగం. నేను అంతకంటే ఏమీ చెయ్యను, మా ఇద్దరూ ఇంకోటి అడగరు.

నీళ్ళ బాటిల్ గురించి ఒక మాట. స్ట్రా ఉన్నవి కొనకండి. స్ట్రా లోపల నల్లగా బూజు పడుతుంది, బ్రష్ వేస్తే గానీ పోదు. చెయ్యి దూరేంత మూతి ఉన్న స్టీలు బాటిల్ తోమడం తేలిక.

మధురవాడ నాన్న:

అక్కా, మా అబ్బాయిది మీవాడి వయసే. వాడికి కార్టూన్ల కంటే సముద్ర జంతువుల డాక్యుమెంటరీలు ఎక్కువ నచ్చుతున్నాయి. తాబేళ్ళది ఒకటి చూశాక, మన తీరంలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయని చెప్పాను. నమ్మలేదు! జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు ఒడ్డుకి వచ్చి ఇసకలో గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లు తీసి కంచె వేసిన చోట పాతిపెడతారు. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలవుతాయి. వాటిని సముద్రంలోకి వదిలేటప్పుడు తీసుకెళ్ళి చూపించాను. ఆ రోజు నుంచి తాబేలు గురించి ఏ పుస్తకం ఇచ్చినా వదలడం లేదు. తెలుగులో ఉన్నా, ఇంగ్లిష్‌లో ఉన్నా వాడికి పట్టింపు లేదు.

బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్‌తో కూడా అంతే అయింది. లోపల ఆ సన్న మంచాలు, పైపులు చూసి వచ్చాక సబ్‌మెరైన్ ఎలా మునుగుతుందో తెలియాలని పట్టుబట్టాడు. కాగితం మీద బొమ్మ గీసి, ట్యాంకుల్లోకి నీళ్ళు ఎక్కిస్తే మునుగుతుంది, గాలితో ఆ నీళ్ళు తోసేస్తే తేలుతుంది అని కింద తెలుగులో రాసిచ్చాను. అది వాడి గోడ మీద ఉంది, వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపిస్తాడు. పుస్తకం కొనేముందు పిల్లాడికి ఇప్పుడు ఏ పిచ్చి పట్టుకుందో చూడండి, దాని మీద నాలుగు లైన్లు మీరే రాసివ్వండి.

కూర్మన్నపాలెం అమ్మ:

మామ్మగారూ, సగంలో ఆపడం నాకు చాలా నచ్చింది. మావాడు ఊరుకోడు, తప్పకుండా చదువుతాడు. చిలగడదుంపలు కుక్కర్ పైగిన్నెలో పెట్టొచ్చని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు నాకు. రాధిక గారూ, బాటిల్ ఈ వారమే మార్చేస్తాను.

తమ్ముడూ, మావాడికి ఇప్పుడు రైళ్ళ పిచ్చి. దువ్వాడ స్టేషన్ మాకు దగ్గరే, గూడ్సు బండ్ల మీద రాసినవన్నీ చదవమంటాను. తాబేళ్ళని చూడాలంటే ఏ టైమ్‌కి వెళ్ళాలి? మావారికి సి-షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) అయితే పొద్దున్న కుదరదు.

మధురవాడ నాన్న:

తాబేలు పిల్లల్ని వదిలేది తెల్లవారుజామునే అక్కా, ఎండెక్కితే ఇసక వేడికి అవి తట్టుకోలేవు. మార్చి నుంచి మే లోపు చూసుకోండి. ముందు అటవీశాఖ వాళ్ళని అడిగి వెళ్ళండి, ఏ రోజు వదులుతారో ముందు రోజే చెప్పగలరు. చేత్తో ముట్టుకోకూడదని, ఫోన్ ఫ్లాష్ వెయ్యకూడదని పిల్లలకి ఇంట్లోనే చెప్పి తీసుకెళ్ళండి. బావగారికి వీలున్న వారం చెప్తే మేమూ వస్తాం, మావాడికి తోడు దొరుకుతుంది.