లా విద్యార్థుల టెన్షన్‌కి అసలు కారణం సిలబస్ కాదు, డిగ్రీ తర్వాతి మూడేళ్లు. ఒప్పుకుంటారా?

ఫైనల్‌ఇయర్_వరంగల్:
మా కాలేజీలో ఈమధ్య ఒత్తిడి మీద సెమినార్ పెట్టారు. టైమ్ టేబుల్ వేసుకోండి, ఫోన్ పక్కన పెట్టండి, పొద్దున్నే ప్రాణాయామం చెయ్యండి అన్నారు. అందులో తప్పేం లేదు. కానీ మా క్లాసులో ఎవరికైనా నిద్ర పట్టట్లేదంటే అది కాంట్రాక్ట్ యాక్ట్ గురించి కాదు, పాసయ్యాక నెలకి ఎంత వస్తుంది, అసలు వస్తుందా అని. సీనియర్ లాయర్ దగ్గర జూనియర్‌గా చేరితే మొదటి ఏడాది ఏమిస్తారో అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు, చాలామంది ఇచ్చేది బస్సు ఛార్జీలకి సరిపోతుంది. జడ్జి పరీక్ష రాసుకుందాం అనుకుంటే 2025 మేలో సుప్రీంకోర్టు సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాల్సిందేనని చెప్పింది. కోర్టు చూడని వాళ్లు జడ్జీలు కాకూడదన్న ఆలోచన నాకు అర్థమవుతుంది, కానీ ఆ మూడేళ్లు అద్దె ఎవరు కడతారు? మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలోకి డిగ్రీ అయ్యాక వస్తాం, చాలామందికి అప్పటికే పెళ్లి, పిల్లలు. నా లెక్కలో టెన్షన్‌కి పెద్ద కారణం ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

మూట్_రీసెర్చర్:
ఒప్పుకోను అన్నా. నేను ఒక లా యూనివర్సిటీలో ఐదేళ్ల కోర్సు, నాలుగో ఏడు. ఇక్కడ భయం మొదటి ఏడాది రెండో నెలలోనే మొదలవుతుంది, డిగ్రీ అయ్యేదాకా ఆగదు. మూట్ (ఉత్తుత్తి కోర్టులో వాదించే పోటీ) సెలక్షన్, దానికి మెమోరియల్ అనే రాతపూర్వక వాదన రాయడానికి రాత్రంతా లైబ్రరీ, వెంటనే ప్రాజెక్ట్ సబ్మిషన్, వైవా, సెలవుల్లో ఇంటికి వెళ్లకుండా ఇంటర్న్‌షిప్. పక్క రూమ్ అమ్మాయికి పెద్ద లా ఫర్మ్‌లో (లాయర్ల కంపెనీలో) ఇంటర్న్‌షిప్ వచ్చిందని తెలిసిన రోజు అన్నం తినని వాళ్లని చూశాను. పైగా ఫీజు ఏడాదికి రెండు లక్షలు దాటుతుంది, లోన్ మీద చదివేవాళ్లకి ఫర్మ్ ఉద్యోగం తప్ప ఇంకో దారి కనపడదు. లిటిగేషన్‌లోకి, అంటే కోర్టులో కేసులు వాదించడానికి, వెళ్లాలని వచ్చిన వాళ్లే మూడో ఏడాదికల్లా మనసు మార్చుకుంటారు. కోర్సు నడిపే తీరే మనిషిని నలిపేస్తోంది.

ఫైనల్‌ఇయర్_వరంగల్:
తమ్ముడూ, లోన్ తీర్చాలి కాబట్టి ఫర్మ్, ఫర్మ్ కావాలి కాబట్టి మూట్ అని నువ్వే రాశావు. అంటే నీ టెన్షన్ కూడా డిగ్రీ తర్వాతి డబ్బు దగ్గరే తేలుతోంది కదా.

మూట్_రీసెర్చర్:
సగమే. లోన్ లేని, ఇంట్లో డబ్బున్న వాళ్లు కూడా ఇక్కడ కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నారు. వాళ్ల సంగతేంటి? రోజూ పక్కవాళ్లతో పోల్చుకుని బతకడం ఒక్కటే చాలు మనిషి పాడవడానికి.

తెలుగుమీడియం_కడప:
మీ ఇద్దరూ రాయని సంగతి ఒకటి ఉంది. లా సీటు కోసం రాసే లాసెట్ తెలుగులో రాయొచ్చు, నేను అలాగే రాసి సీటు తెచ్చుకున్నాను. చేరాక మంచి పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, జడ్జిమెంట్లు ఇంగ్లీషే, రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు, సుప్రీంకోర్టు భాష కూడా ఇంగ్లీషే. ఒక పేరా చదవడానికి నాకు పట్టే సమయంలో పక్కనున్నతను పది పేజీలు తిప్పేస్తాడు. పాయింట్ నాకు తెలుసు, లేచి చెప్పమంటే మాత్రం నోరు ఎండిపోతుంది. ఇది చాలక 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి. హత్య అంటే 302 అని చిన్నప్పటి నుంచి విన్నాం, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 103. మోసం 420 పోయి 318 అయింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి పాత ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి రెండూ రావాలి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకి ఇది అదనపు చదువు, అంతే. మాకు అన్నీ మళ్లీ మొదట్నుంచి. సిలబస్ కారణం కాదని అంత తేలిగ్గా ఎలా అంటారండీ?

ప్రాక్టీస్_గుంటూరు:
నేను జిల్లా కోర్టులో చేస్తున్నాను, పదేళ్లు దాటింది. కడప తమ్ముడికి ఒక మాట. కింది కోర్టులో సాక్షిని తెలుగులోనే అడగాలి, క్లయింట్ తెలుగులోనే ఏడుస్తాడు, అక్కడ నీ తెలుగు నీకు బలం. డ్రాఫ్టింగ్, అంటే కోర్టు కాగితాలు రాయడం, మెల్లగా వస్తుంది. వరంగల్ అబ్బాయి చెప్పిన డబ్బు కష్టం నిజం, నేనూ పడ్డాను. కానీ దాన్ని తట్టుకోలేనివాళ్లు ఈ వృత్తిలోకి రాకూడదేమో కూడా ఆలోచించాలి. మా రోజుల్లో సీనియర్ ఏమిచ్చినా కళ్లకద్దుకున్నాం.

బెంచి_వెనక:
సార్, గౌరవంతోనే అడుగుతున్నాను. మీరు తట్టుకున్నారు సరే, మీతోపాటు ఎన్‌రోల్ అయి (లాయర్‌గా పేరు నమోదు చేసుకుని) తట్టుకోలేక బ్యాంకు పరీక్షలకి వెళ్లిపోయినవాళ్లు ఎంతమంది? ఇంట్లో లాయర్ ఉన్నవాళ్లు ఆగగలిగారు, కూలికి వెళ్లే ఇంటి నుంచి వచ్చినవాళ్లు ఆగలేకపోయారు. అందులో వాళ్ల సత్తా లోపం ఏముంది? జూనియర్లకి పట్టణాల్లో నెలకి 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని 2024లో లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ ఇచ్చింది. అది సలహా మాత్రమే, తప్పనిసరి కాదు. మా కోర్టులో ఆ మొత్తం ఇస్తున్న సీనియర్ ఒక్కరూ నాకు తెలియదు. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు చట్టంలో ఉన్న 750 రూపాయలు మించకూడదని చెప్పింది, అంతకుముందు వేలల్లో కట్టించుకునేవారు. ఆదేశం వచ్చింది కాబట్టే ఆ భారం తగ్గింది. జూనియర్లకిచ్చే స్టైపెండ్ విషయంలో కూడా ఆదేశం కావాలి, ఓర్పు గురించి ఉపన్యాసాలు కాదు.

సాయంత్రం_క్లాసు:
అటెండెన్స్ గురించి ఎవరూ ఎత్తలేదే! నేను పగలు ఉద్యోగం చేస్తూ చదువుతున్నాను. బార్ కౌన్సిల్ నిబంధన 70 శాతం హాజరు అడుగుతుంది. షార్టేజ్ లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టే వారం మా క్లాసులో సగం మందికి జ్వరం వచ్చినట్టుంటుంది, ఎందుకంటే పరీక్ష రాయనివ్వకపోతే ఏడాది పోయినట్టే. ఢిల్లీలో 2016లో హాజరు తక్కువని పరీక్షకి ఆపేశాక ఒక లా విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. ఆ కేసు విచారించిన ఢిల్లీ హైకోర్టు 2025 నవంబరులో, హాజరు తక్కువైందన్న కారణంతో లా విద్యార్థిని పరీక్ష రాయకుండా ఆపకూడదని చెప్పింది. ఒక పిల్లవాడు పోయిన తొమ్మిదేళ్లకి. ఇది చదువు ఒత్తిడా, భవిష్యత్తు భయమా అని విడదీసి ఏం చేస్తాం అక్కడ? ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా మరీ భారంగా ఉంటే దయచేసి టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

ప్రాక్టీస్_గుంటూరు:
బెంచి వెనక గారూ, వెళ్లిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు, అందులో నాకంటే బాగా వాదించగలిగినవాళ్లూ ఉన్నారు. కానీ మా ఊళ్లో ఉన్న సీనియర్లలో చాలామందికే నెలకి 20,000 మిగలదు. తప్పనిసరి చేస్తే వాళ్లు జూనియర్‌ని పెట్టుకోవడమే మానేస్తారు. అప్పుడు పని నేర్పేదెవరు?

ఫైనల్‌ఇయర్_వరంగల్:
ఇవ్వగలిగినవాళ్లు ఇవ్వాలి, ఇవ్వలేని చోట బార్ కౌన్సిల్ సంక్షేమ నిధి నుంచో ప్రభుత్వం నుంచో మొదటి మూడేళ్లు సాయం రావాలి. మూడేళ్లు ప్రాక్టీస్ చెయ్యమన్నది వ్యవస్థే కదా సార్, ఆ మూడేళ్లు బతికే దారి కూడా అదే చూపించాలి. అటెండెన్స్ అయినా ఇంగ్లీషు అయినా కాలేజీలో ఉన్నంతకాలం ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటారు. డిగ్రీ చేతికొచ్చిన మర్నాడు ఎవరూ ఉండరు, అందుకే దాన్ని అన్నిటికంటే ముందు పెట్టాను, ఇప్పటికీ అక్కడే పెడతాను.

తెలుగుమీడియం_కడప:
కాలేజీలో నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదన్నా, అదే నా బాధ. ఒక సంగతి మాత్రం చెప్పాలి, జడ్జి పోస్టుకి కావలసిన ఆ మూడేళ్లు తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్క, ఆ తర్వాత రాసే బార్ ఎగ్జామ్ పాసయ్యే దాకా ఆగక్కర్లేదు, జడ్జీల దగ్గర లా క్లర్క్‌గా చేసిన కాలం కూడా కలుస్తుంది. చాలామందికి తెలియక ఎన్‌రోల్‌మెంట్ ఆలస్యం చేస్తున్నారు. రిజల్ట్ రాగానే అప్లై చెయ్యండి.