అరవై ఏళ్ల జాజ్ గాయని ఫెస్టివల్‌లో మాటలు వదిలేసి పాడుతోంది, దీన్ని ఎట్లా వినాలి?

పానగల్లు కట్ట:
నమస్తే అందరికీ. మాది నల్లగొండ. జాజ్‌లో నాకు ఓనమాలు కూడా రావు, ముందే చెప్తున్నా. మొన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్ చూస్తుంటే ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ అనే అమెరికా గాయని వీడియో ఒకటి తగిలింది, 1977లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ జాజ్ ఫెస్టివల్‌లో పాడినది. ఆమె పుట్టింది 1917లో, అంటే అప్పటికి అరవై. వెనక పియానో, బాస్, డ్రమ్స్, ముగ్గురంటే ముగ్గురే. కొన్ని పాటలు బుద్ధిగా పాడింది, తర్వాత ఉన్నట్టుండి మాటలన్నీ వదిలేసి "డూబి డూబి బాప్ బాప్" అంటూ నిమిషాల కొద్దీ అట్లాగే పోతూ ఉంది. మా అమ్మ వచ్చి చూసి "ఏందిరా, పాపం ముసలామె పాట మర్చిపోయినట్టుంది" అన్నది. నవ్వొచ్చింది గానీ జవాబు మాత్రం నా దగ్గర లేదు. పాట అయిపోకముందే జనం చప్పట్లు కొడుతున్నారు, అదొకటి. గొంతు కూడా అక్కడక్కడా గరగరమంటోంది. మరి జనానికి అంత సంబరం దేనికి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, ఎగతాళి వద్దు.

మెట్టుగడ్డ కీబోర్డు:
తమ్మీ, మీ అమ్మగారి అనుమానం గొప్ప అనుమానం. ఎందుకంటే ఎల్లా ఒకసారి నిజంగానే మర్చిపోయింది. 1960 ఫిబ్రవరిలో బెర్లిన్ కచేరీలో "మాక్ ద నైఫ్" పాడుతూ మధ్యలో చరణం గుర్తురాలేదు. ఆపలేదు. మర్చిపోయానన్న సంగతినే అదే వరసలో పాడేసింది, అప్పటికప్పుడు మాటలు అల్లుకుంటూ. ఆ రికార్డింగుకు గ్రామీ అవార్డులు వచ్చాయి.

మీరు విన్న డూబి డూబి మాత్రం మరుపు కాదు, దాన్ని స్కాట్ అంటారు. 1926లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ట్రంపెట్ వాద్యకారుడు, గాయకుడి రికార్డు ఒకటి వచ్చాక బాగా పాకింది. గొంతును ట్రంపెట్ లాగా, శాక్సఫోన్ లాగా వాడటం అన్నమాట. ఎల్లా 1940లలో డిజ్జీ గిలెస్పీ అనే ట్రంపెట్ ఆయన బ్యాండుతో తిరుగుతూ ఆ బాకాలు వాయించేవాళ్లను విని విని పట్టుకుంది. ఇష్టమొచ్చినట్టు అరవడం అనుకునేరు, కింద లెక్క ఉంటుంది. చాలా పాటలు 32 బార్ల చుట్టు, బార్ అంటే మామూలుగా నాలుగు లెక్కల ముక్క. ఆ చుట్టులో కార్డ్స్, అంటే కలిపి ఒకేసారి మోగించే స్వరాల గుంపులు, ఏ వరసలో వస్తాయో వాయించేవాళ్లందరికీ తెలుసు. ముందు అసలు పాట ఒక చుట్టు, తర్వాత అవే కార్డ్స్ మీద ఒక్కొక్కరూ సొంతంగా కట్టుకుంటూ పోతారు, ఆఖరికి మళ్లీ పాటకు వస్తారు. ఒకరి వంతు అవగానే చప్పట్లు కొట్టడం అక్కడ మర్యాద.

వినేటప్పుడు ఒక పని చేయండి. నాలుగు లెక్కపెడుతూ రెండు మీద, నాలుగు మీద చిటికె వేయండి. ఒకటి, మూడు మీద కాదు. నేను పెళ్లి బ్యాండులో పదేళ్లు వాయించాను, మా చేతులన్నీ ఒకటి మీదే పడేవి, దీనికి అలవాటుపడటానికి నాకే రెండు నెలలు పట్టింది.

గుట్ట కింద ఇల్లు:
నాదీ నల్లగొండే. లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సులో ఖవ్వాలీ ఎప్పుడైనా కూర్చుని విన్నారా అన్నా? ఒకే ముక్క పట్టుకుని పెద్దాయన సర్గమ్ తీస్తుంటాడు, డోలక్ ఆయన దానికి జవాబిస్తాడు, జనం వాహ్వా అంటారు. మాటకు అర్థం ఉందా లేదా అని అక్కడ ఎవరూ అడగరు. ఇదీ అంతే, సవాల్ జవాబ్.

మెట్టుగడ్డ కీబోర్డు:
దగ్గరికి వచ్చారు గానీ పూర్తిగా అంతే కాదు. సర్గమ్‌లో "గ" అంటే గాంధారం, అక్షరానికి స్వరం కట్టి ఉంటుంది. స్కాట్‌లో "డూ"కు ఏ స్వరమూ లేదు, ఎక్కడైనా పెట్టొచ్చు. నన్నడిగితే మృదంగం వాళ్లు నోటితో చెప్పే జతులకు రాగం తొడిగినట్టు అంటాను. సవాల్ జవాబ్ మాటకు మాత్రం ఒప్పుకుంటా. నాలుగు బార్లు ఒకరు, నాలుగు బార్లు డ్రమ్స్ అని పంచుకోవడం జాజ్‌లో మామూలే.

పాత రికార్డుల పెట్టె:
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను ఒకటి అంటాను, కోపం తెచ్చుకోకండి. 1977 నాటి గొంతు 1956 నాటి గొంతు కాదు. 1950లలో ఆమె చేసిన సాంగ్‌బుక్ ఆల్బమ్‌లు, అంటే ఒక్కో పాటల రచయిత పాటలు ఒక్కచోట పాడినవి, వినండి, నీళ్లలా జారుతుంది. పెద్దవయసులో ఫెస్టివల్ వేదిక మీద చూసి చప్పట్లు కొట్టేవాళ్లు సగం ఆమెకున్న పేరుకే కొడతారు. కొత్తగా వినేవాళ్లను అక్కడ మొదలుపెట్టించడం అన్యాయం.

మెట్టుగడ్డ కీబోర్డు:
సార్, గొంతు తగ్గిందన్నది నిజమే, పైస్థాయిలో దమ్ము అంత నిలవదు. తగ్గనిది వేరే ఉంది. లయ. ఎక్కడ ఆగాలి, డ్రమ్మర్‌ను ఎంతసేపు ఎదురుచూడనివ్వాలి అన్నది స్టూడియో ఆల్బమ్‌లో అంతగా కనిపించదు, అక్కడ వెనక పెద్ద ఆర్కెస్ట్రా, అంతా ముందే రాసుకున్నది. వేదిక మీద ముగ్గురితో నిలబడితే దాక్కోవడానికి చోటు లేదు. 1964లో ఫ్రాన్స్‌లో, జువాన్ లె పాన్ ఫెస్టివల్‌లో ఆరుబయట పాడుతుంటే కీచురాళ్లు ఒకటే గోల. ఇంకొకరైతే మైకు వాళ్ల మీద చిరాకుపడేవాళ్లు. ఈమె ఆ కీచురాళ్ల మీదే అక్కడికక్కడ ఒక పాట కట్టి పాడింది, అది రికార్డులో కూడా ఉంది. ఉన్న పేరుకే కొట్టే చప్పట్లు ఉంటాయి, కాదనను. ఇది ఆ లెక్కలోకి రాదు.

పాత రికార్డుల పెట్టె:
కీచురాళ్ల సంగతి ఒప్పుకుంటున్నా. 1956 మాట మాత్రం వెనక్కి తీసుకోను.

పానగల్లు కట్ట:
అందరికీ థాంక్స్. నిన్న అమ్మను కూర్చోబెట్టి మళ్లీ పెట్టాను. రెండు, నాలుగు మీద చిటికె నాకు కుదరలేదు, ప్రతిసారీ ఒకటి మీదకే జారిపోతోంది. అమ్మకు మాత్రం మూడో నిమిషానికే కుదిరింది, అదెట్లానో నాకు అర్థం కాలేదు. బెర్లిన్ కథ చెప్తే ఆమెకు వింతేం అనిపించలేదు. "బతుకమ్మ కాడ ముందు పాడేటామెకు మాట దొరకకుంటే ఏం చేస్తది? ఉయ్యాలో ఉయ్యాలో అనుకుంట ఇంకో చుట్టు తిప్పుతది, అంతల కొత్త మాట వస్తది. ఆగితే ఆట ఆగిపోతది గదా" అన్నది. మా చిన్నమ్మమ్మ ఊళ్లో అట్లా ఎన్నిసార్లు తిప్పేదో కూడా చెప్పింది, అదంతా ఇక్కడ రాస్తే మీరు తిడతారు.

పాత రికార్డుల సార్, మీరు చెప్పిన ఆల్బమ్ కూడా వింటాం. అమ్మ అడగమన్న ప్రశ్న ఒకటి ఉంది, ఆ డ్రమ్స్ వాయించేటాయన ఎవరట? ఆమె ముఖం చూసుకుంటనే వాయిస్తున్నడు అంటోంది.

మెట్టుగడ్డ కీబోర్డు:
బాబీ డర్హమ్. పియానో టామీ ఫ్లానగన్, బాస్ కీటర్ బెట్స్. ఈసారి అమ్మను బాస్ ఒక్కటే వినమనండి.