నాలుగో బోరు వేయాలా, ప్రార్థన చేసి ఊరుకోవాలా?

కళ్యాణదుర్గం రైతు:
అందరికీ వందనాలు. మాకు ఐదెకరాల శెనక్కాయ. మూడు బోర్లు ఎండిపోయినాయి, మూడోది 600 అడుగులు దించినా దుమ్మే వచ్చింది. వడ్డీకి తెచ్చి నాలుగోది వేద్దామనుకుంటున్నా. ఆదివారం చర్చిలో అయ్యగారు బైబిల్లో సామెతలు 3:5 తీసి స్వబుద్ధిని ఆధారం చేసుకోవద్దని చెప్పినప్పటి నుంచి ఒకటే టెన్షన్. బోరు వేస్తే దేవుణ్ణి నమ్మనట్టా? వేయకపోతే పిల్లల ఫీజులు ఎట్ల కట్టాలి?

ధర్మవరం అక్క:
తమ్ముడూ, బుద్ధిని వాడొద్దని కాదు, దాని మీదే ఆనుకోవద్దని. నెహెమ్యా 4:9 చూడు, యెరూషలేము గోడ కట్టేవాళ్లు శత్రువులు వస్తారని తెలిసి ప్రార్థనా చేశారు, రాత్రింబగళ్లు కావలీ పెట్టారు.

గుత్తి:
అక్క చెప్పింది సగమే ఒప్పుకుంటా. కావలి పెట్టడం వేరు, అప్పు తెచ్చి పందెం కాసినట్టు బోరు వేయడం వేరు. నేనూ రెండు వేసినా. రెండోసారి టెంకాయ పట్టుకుని నీళ్ల పాయింట్ చూసే ఆయన మాట విన్నా గానీ దేవుణ్ణి ఒక్క పూట అడగలేదు, రిగ్ బండి చేలోకి వచ్చాక మోకరించినా. అది అడగడం కాదు, నా నిర్ణయానికి సంతకం పెట్టమనడం. ద్వితీయోపదేశకాండం 11:10, 11 చదువన్నా. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో (ఈజిప్టులో) కాళ్లతో చేలకు నీళ్లు కట్టుకున్నారు, దేవుడు తీసుకుపోయింది మాత్రం ఆకాశవర్షం తాగే కొండల దేశానికి. అది చదివినప్పుడల్లా నాకు మన అనంతపురమే గుర్తొస్తుంది, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు రాదు. అట్లాంటి నేలలో రైతు దున్నుతాడు, విత్తుతాడు, కానీ పైకి చూడకుండా ఉండలేడు.

ప్రొద్దుటూరు:
బోరు ఎండితే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే వినొద్దు బ్రదర్. మా నాన్నతో ఆ మాట అంటే రెండేళ్లు చర్చికి రాలేదు. అపొస్తలుడు, యేసు సువార్త చాటిన పౌలుకే బతుకుతామనే ఆశ పోయింది, 2 కొరింథీ 1:8, 9. తమను తాము నమ్ముకోకుండా, చనిపోయినవాళ్లను లేపే దేవుణ్ణి నమ్ముకోవడానికే అట్లా జరిగిందని ఆయనే రాశాడు.

కళ్యాణదుర్గం రైతు:
గుత్తి అన్నా, నిజం చెప్తా, నేనూ అడగలేదు. రిగ్ వాళ్లకు అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. అప్పు ఎంతవుతుందో మా ఇంటామెకు కూడా చెప్పలేదు, ఈ రాత్రి చెప్పి ఇద్దరం కలిసి ప్రార్థన చేస్తాం. ఈసారి వానకు కందులు వేయమని ఒకాయన అంటున్నాడు, వేసినవాళ్లు ఉంటే రాయండి.