భయపడితే విశ్వాసం లేనట్టేనా? (1 యోహాను 4:18)

ప్రశ్న (కొత్తపట్నం నుంచి ఒక సహోదరి):
ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మా ఆయన సముద్రం మీద వేటకు వెళ్తారు. వాయుగుండం కబురు వచ్చిన రాత్రి, ఆయన ఇంట్లోనే పడుకుని ఉన్నా నాకు గుండె దడ తగ్గదు. నా ప్రార్థనలో ఏదో లోపం ఉందనీ, అందుకు దేవుడు ఆయన్ని తీసుకుపోతాడేమోననీ మనసులో తిరుగుతూ ఉంటుంది. ఉపవాస కూడికలో ఒక బోధకుడు "పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును" అనే వాక్యం చదివి, భయపడేవారికి విశ్వాసమే లేదని చెప్పినప్పటి నుంచి, ఆ భయానికి తోడు నా ఆత్మ రక్షణ గురించిన భయం కూడా వచ్చి చేరింది. ఈ వాక్యాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

జవాబు (ఒంగోలు, బైబిలు తరగతి ఉపాధ్యాయుడు):
సహోదరీ, ఆ వాక్యాన్ని 17వ వచనంతో కలిపి చదవండి. అక్కడ యోహాను తీర్పు దినం గురించి మాట్లాడుతున్నాడు. ఆ వెంటనే "భయము దండనతో కూడినది" అంటున్నాడు. అంటే ప్రేమ వెళ్లగొట్టేది దేవుడు నన్ను శిక్షిస్తాడేమోనన్న భయాన్ని. తుపాను కబురు విని ఉలిక్కిపడటాన్ని ఆయన తప్పుపట్టడం లేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రార్థిస్తూ యేసు ప్రభువే ఎంతగానో కలవరపడ్డాడని మార్కు 14వ అధ్యాయం చెబుతోంది. ఆయన ఆ కలవరాన్ని దాచలేదు. "అబ్బా, తండ్రీ" అని పిలిచి, తనకు రాబోయే శ్రమ అనే గిన్నె తొలగించమని అడిగి, ఆ తరువాతే తండ్రి చిత్తానికి తనను అప్పగించుకున్నాడు. గిన్నె తొలగలేదు. అంతమాత్రాన తండ్రి ప్రేమ తగ్గిందని ఎవరూ అనరు కదా! మీ మనసులో రెండు భయాలు పెనవేసుకుపోయాయి. సముద్రం మీది భయం సహజం. ప్రార్థన తగ్గిందని దేవుడు భర్తను తీసుకుంటాడనుకోవడం మాత్రం ఆయన మీద నింద వేయడమే. మన దండనను సిలువ మీద క్రీస్తు భరించాక ఇంకా వసూలు చేయవలసిన బాకీ ఏముంది?

జవాబు (కావలి):
ఏకీభవిస్తున్నాను. దేవునితో బేరం ఎంత ప్రమాదమో మన ప్రాంతానికి పాత పాఠమే. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని చూపించారు గానీ, కూలి కోసం విశ్వసించారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారని సండే స్కూల్లో అందరూ చెబుతారు. నా దృష్టిలో ఆ అంకె కన్నా అంతకుముందు ఆగడమే గొప్ప. ప్రార్థనకు బదులుగా పడవ క్షేమంగా రావాలని లెక్క పెట్టుకుంటే, ప్రతి వాయుగుండమూ దేవుని ప్రేమకు పరీక్షే అవుతుంది. రోమా 8లో పౌలు మరణం రాదనలేదు, మరణం కూడా ఆ ప్రేమ నుంచి మనల్ని ఎడబాపలేదన్నాడు.

జవాబు (నెల్లూరు, నర్సు):
అక్కా, దడ, నిద్ర పట్టకపోవడం వారాల తరబడి ఉంటే డాక్టరుకు చూపించుకోండి. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

ప్రశ్న అడిగిన సహోదరి:
అందరికీ వందనాలు. మరి, వేటకు పోవద్దని హెచ్చరిక ఉన్న రోజున నేను ఆయన్ని వెళ్లొద్దని పట్టుబట్టడం కూడా అవిశ్వాసమేనా?

జవాబు (ఒంగోలు):
కాదమ్మా, గట్టిగా పట్టుబట్టండి. అపొస్తలుల కార్యములు 27లో పౌలు కూడా ఆ ఓడ ప్రయాణం వద్దని ముందే చెప్పాడు, ఆయన్ని తీసుకెళ్తున్న శతాధిపతి (రోమా సైనికాధికారి) వినలేదు.