అప్‌డేట్: కాటా గది స్క్రీన్ మార్చాం

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి మేం చేసిన సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లోడు ఎంట్రీకి 38 గడులు నింపాలి, ఎక్కడి నుంచి సరిచేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ‘ముందు వాడేవాళ్ళ పక్కన కూర్చో’ అని మీలో కొందరు అన్నారు. రెండు రోజులు కాటా గదిలో కూర్చున్నాను.

అక్కడ ఎంట్రీలు చేసే అన్న కీబోర్డు పక్కన ఒక అట్టముక్క పెట్టుకున్నాడు. దాని మీద పెన్నుతో మామిడి రకాల కోడ్లు: తోతాపురి 07, నీలం 11. బరువు గడి మూడో ట్యాబ్‌లో ఉంది కాబట్టి ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత టైపు చేస్తున్నాడు. బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. చూస్తుంటే బాధేసింది.

ఇప్పుడు మొదటి స్క్రీన్‌లో బండి నంబరు, రైతు పేరు, రకం, బరువు మాత్రమే ఉన్నాయి. కోడ్లు పోయాయి, పేర్లే కనిపిస్తాయి. బరువు కాటా నుంచి నేరుగా వస్తుంది. మిగతా గడులు తీసేయలేదు, అవసరమైనవాళ్ళకే తెరుచుకుంటాయి.

ఐదుగురితో పరీక్షిస్తే దాదాపు 85% లోపాలు తెలుస్తాయని, సాఫ్ట్‌వేర్ వాడటం ఎంత తేలికో పరిశీలించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. మేమూ ఐదుగురినే కూర్చోబెట్టాం. మూడో మనిషి దగ్గరే పెద్ద తప్పు దొరికింది: లోడు దించాక గంటల తర్వాత ఖాళీ బండి తూకానికి వస్తుంది, అప్పటిదాకా సగం ఎంట్రీ దాచే చోటే లేదు! ‘ఖాళీ తూకం కావాల్సిన బండ్లు’ అని ఒక జాబితా పెట్టాం.

అకౌంట్స్‌వాళ్ళు మాత్రం పాత స్క్రీనే కావాలన్నారు. వాళ్ళకి ఈ సీజను అదే ఉంచాం. వచ్చే వారం వాళ్ళ పక్కన కూర్చుంటాను.